గాలిమోటరు

కల్వకుర్తి పల్లెల్లో పెద్దవాళ్లకు విమానమంటే గాలిమోటరు. రోడ్డు మీద పోయే బస్సు మోటరు, ఆకాశంలో పోయేది గాలిమోటరు. చిన్నప్పుడు మా అవ్వ నోట ఆ మాట వింటే ముద్దుగా తోచేది, అంతే. నిజాం కాలపు విమాన సంస్థ డెక్కన్ ఎయిర్‌వేస్ కథ చదివిన తర్వాత ఆ మాట ఎంత నిజమో తెలిసింది. మన నేల మీద బస్సూ విమానమూ ఒకే సర్కారు ఇంట పెరిగిన తోబుట్టువులు.

ముందు పుట్టింది బస్సు. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కొని సొంతం చేసుకుంది. 1932 జూన్‌లో ఆ రైల్వే కిందనే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలైంది. ఈ రోజుకూ రైలు పట్టా చూడని కల్వకుర్తికి దిక్కయిన ఆర్టీసీ మూలం అదే. బస్సు నంబరులోని ‘జడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరిట వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే 1932లో అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా ఉత్తరాల సంచులతో కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానం నడిపాడు. అక్కడి నుంచి ఆ టపాను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. ఇక్కడ మోటరు, అక్కడ గాలిమోటరు ఒకే సంవత్సరంలో బయల్దేరాయన్నమాట.

ఆ రెండు దారులూ కలిసింది బేగంపేటలో. 1930లలో హైదరాబాద్ ఏరో క్లబ్‌తో అక్కడ విమానాలు ఎగరడం మొదలైంది. 1937లో టెర్మినల్ కట్టారు. యుద్ధకాలంలో అదే మైదానం పైలట్లకు బడి అయింది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వాడి వదిలేసిన డకోటా విమానాలు చవగ్గా దొరికాయి. నిజాం ప్రభుత్వం 71 శాతం, మిగతాది టాటాలు పెట్టుబడి పెట్టి నిలబెట్టిన సంస్థే డెక్కన్ ఎయిర్‌వేస్. 1946లో దాని విమానాలు లేచాయి.

డకోటా ఎలా ఉండేదో ఇప్పటి ప్రయాణికులకు చెప్పాలి. రెండు పంకా ఇంజిన్లు. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. నేల మీద నిలబడితే ముక్కు పైకి, తోక కిందికి ఉంటుంది. వెనక తలుపులోంచి ఎక్కిన మనిషి గట్టు ఎక్కినట్టు ఏటవాలుగా నడిచి తన సీటు చేరుకోవాలి. లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు కనుక ఎత్తయిన మబ్బుల మీదికి పోయే వీలు లేదు. మబ్బుల్లోనే కుదుపులు తింటూ పోవాలి. నలుగురం కలిసి కూర్చునే ఎర్రబస్సు ప్రయాణానికి అది మరీ దూరమేమీ కాదు.

ఈ సంస్థను తలచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ప్రేమ్ మాథుర్. అలహాబాదులో విమానం నడపడం నేర్చి, 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించిన తొలి భారతీయ మహిళ ఆమె. ఎనిమిది సంస్థల తలుపు తడితే ఎనిమిదీ పొమ్మన్నాయి. ఆడమనిషి నడిపితే ప్రయాణికులు ఎక్కరని వాళ్ల భయం. తలుపు తెరిచింది హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేసే. కో పైలట్‌గా చేరిన ఆమె 1949లో జాతీయ విమానాల పందెం గెలిచారు. కానీ తెరిచిన తలుపు సగమే. కావలసిన గంటలన్నీ నడిపాక విమానాన్ని పూర్తిగా తన చేతికి ఇవ్వమని అడిగితే సంస్థ ఒప్పుకోలేదు. ఆమె హైదరాబాద్ వదిలి ఢిల్లీ వెళ్లిపోయారు. ఆ మొదటి అడుగుకు మన ఊరు గర్వపడాలి. ఆ రెండో అడుగు వేయలేకపోయినందుకు బాధపడాలి కూడా.

నడుమ 1948 వచ్చింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు నిజాం కోసం ఆయుధాలు మోసుకొచ్చి బీదర్, వరంగల్ మైదానాల్లో దించిన కాలమది. సెప్టెంబరు 17న నిజాం సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. డెక్కన్ ఎయిర్‌వేస్‌లోని నిజాం వాటా ఆ తర్వాత భారత ప్రభుత్వానికి చేరింది.

సంస్థను మింగింది మాత్రం రాజకీయం కాదు, లెక్కలు. చవక డకోటాలను చూసి దేశమంతటా కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఎక్కేవాళ్లు కొందరు, ఎక్కించుకునేవాళ్లు ఎందరో. ఇన్ని కంపెనీలను ఈ వ్యాపారం మోయలేదని 1950లో విచారణ కమిటీ తేల్చింది. 1953లో ఎనిమిది సంస్థలను కలిపేసి ప్రభుత్వం ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పాటు చేసింది. ఆ ఎనిమిదిలో ఒకటిగా డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు చెరిగిపోయింది. ప్రేమ్ మాథుర్ కూడా అదే ఏడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి చివరిదాకా అక్కడే పనిచేశారు. బస్సుకు ఆ గతి పట్టలేదు. 1951లో రైల్వే నుంచి విడిపోయి, 1958 జనవరిలో ఆర్టీసీ అయి, కల్వకుర్తి డిపో దాకా వచ్చింది.

ఇంకొకటి కూడా మారింది. బస్సులో ఎక్కినంత సులువుగా విమానం ఎక్కే రోజులు పోయాయి. 1976 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి బయల్దేరిన విమానాన్ని హైజాకర్లు లాహోరుకు మళ్లించారు. ఆ దెబ్బతో 1978లో విమానాల భద్రతకు ప్రత్యేక విభాగం వచ్చింది. 1999 డిసెంబరులో ఇంకో విమానాన్ని హైజాక్ చేసి కాందహార్‌కు తీసుకుపోయిన గాయం తర్వాత విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్ చేతికి వెళ్లింది. విమానం ఎక్కే ముందు వరుసలో నిలబెట్టి చేసే ఆ తడుముళ్ల వెనక చచ్చినవాళ్లున్నారు. అందుకే నాకు ఆ వరుసలో విసుగు రాదు.

2008 మార్చి 23న గాలిమోటరు బేగంపేట వదిలి శంషాబాద్‌కు, అంటే పాలమూరు వైపుకు జరిగింది. కల్వకుర్తిలో ఎక్కిన బస్సు ఆమనగల్లు, కడ్తాల్ దాటి తుక్కుగూడ వచ్చేసరికి శ్రీశైలం రోడ్డు మీదుగా విమానాలు చక్రాలు చాచి దిగుతుంటాయి. కిటికీ పక్కన పిల్లలు తలలు బయటపెడతారు. ఆ రోడ్డుకు తూర్పున ఆదిబట్ల ఉంది. 2018 నుంచి అక్కడి టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారవుతున్నాయి. బోయింగ్ 737 తోక మీద నిటారుగా నిలిచే రెక్కనూ అక్కడే చేస్తున్నారు. ఒకప్పుడు అమెరికా వదిలేసిన విమానాలను కొని ఎగరేసిన ఊరు, ఇప్పుడు అమెరికా విమానానికి తోక కట్టి పంపుతోంది.