ముడి వేసిన చేయి

మా అమ్మమ్మ తిరుపతిలో పూలు కట్టి అమ్మేది. చేపల గాలానికి ఈకలు కట్టి జలగలా మలిచే పని గురించి చదివినప్పుడు ఆమె వేళ్లే గుర్తొచ్చాయి. గాలపు కాడకు దారం చుట్టి, తోకగా మెత్తని ఈకలు బిగించి, ఒంటికి నూలు చుట్టి, తల దగ్గర సీసపు తీగతో బరువు పెడతారు. లాగితే లేస్తుంది, వదిలితే మునుగుతుంది. ఆ ఊపులో ఈకలు జలగలా సాగి ముడుచుకుంటాయి. ఈకలు ఎక్కువైతే ఆ కదలిక చచ్చిపోతుంది. ఎంత తగ్గించాలో తెలియడమే నేర్పు.

ఇలాంటి ఎరల్లో 1967లో అమెరికాలో రస్సెల్ బ్లెస్సింగ్ కట్టిన 'వూలీ బగ్గర్' ప్రసిద్ధం. అంతకు చాలా ముందే వెర్మాంట్‌లో మేరీ ఆర్విస్ మార్బరీ తన తండ్రి కంపెనీలో ఈకల ఎరలు కట్టే స్త్రీల పనిని నడిపింది. గాలమేసేవాళ్ల నుంచి ఉత్తరాలు తెప్పించి, ఎరల పేర్లూ చరిత్రలూ 1892లో పుస్తకంగా తెచ్చింది.

ఎరకు చరిత్ర దక్కింది. కట్టిన చేతులకో? అమ్మమ్మ పూలను మూరల్లో కొలిచారు. ఆ ముడి ఎవరిదని ఎవరూ అడగలేదు, నేను కూడా.