దస్తరములలో పసివారు

రాజాము పేరు వినగానే ఎవరికైనను ముందుగా తాండ్ర పాపారాయుడు జ్ఞప్తికి వచ్చును. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట కూలిన వృత్తాంతమును మన ప్రాంతమున అవ్వలు తాతలు చెప్పగా పిల్లలు వినుచు పెరిగిరి. ఆ కథలో పెద్దలు అంతగా నొక్కి చెప్పని చిన్న ఘట్టమొకటి కలదు. కోటలోపల స్త్రీలును పిల్లలును అగ్నికిని కత్తికిని ఆహుతియైన వేళ, రంగారాయని కుమారుడగు పసిబాలుని ఒక వృద్ధుడు వెంటబెట్టుకొని వచ్చి ఫ్రెంచి సేనానియగు లా అనువానికి అప్పగించెనని రాబర్టు ఆర్మ్ అను ఆంగ్ల చరిత్రకారుడు వ్రాసియున్నాడు. ఆ బాలుడు బ్రతికి పెరిగి బొబ్బిలి సంస్థానమునకు వారసుడాయెను.

ఆనాడు ఆ కోటలో నున్న తక్కిన పిల్లల మాటయేమి? రాజు బిడ్డ చరిత్రకెక్కెను. బంటు బిడ్డ బూడిదలో కలిసిపోయెను. ఇది ఒక్క బొబ్బిలికే చెల్లు మాట కాదు. ప్రభుత్వ దస్తరములలో పసివారు ఎప్పుడు కనబడిరి, ఎవరి బిడ్డలు కనబడిరి, వారి పక్షమున కలము పట్టినవారెవరు అని విచారించినచో రెండు వందల ఏండ్లకు మించిన చరిత్ర గోచరించును. గ్రంథాలయ రజతోత్సవ సమయమున ఈ విషయమును ముచ్చటించుట తగునని తోచినది. ఏలయన, గ్రంథాలయమును దస్తరమును అక్కచెల్లెండ్ర వంటివి. లోకము వ్రాసుకొన్నది ఒకటి దాచును. ప్రభుత్వము వ్రాసుకొన్నది మరియొకటి దాచును.

కుంఫిణీవారు మన సీమలో 1802లో శాశ్వత పరిష్కారమును నెలకొల్పిరి. రెండేండ్లకు, 1804వ సంవత్సరపు 5వ రెగ్యులేషను వలన, కోర్టు ఆఫ్ వార్డ్సు ఏర్పడెను. జమీందారు మరణించి వారసుడు మైనరుగా నున్నచో రెవిన్యూ బోర్డు ఆ ఎస్టేటును తన పాలనలోనికి తీసికొని, బాలుని పోషణమును, విద్యను విచారించుచుండెను. 1902లో దీనికై క్రొత్త చట్టము వచ్చెను. మద్రాసులో న్యూయింగ్టన్ అను పేర మైనరు జమీందారులకు ప్రత్యేక విద్యాలయము నడచెను. ఇట్లు, ఒక బాలుని తిండికెంత, చదువునకెంత అని సర్కారువారు లెక్క వ్రాసిన మొదటి కాగితములలో ఇవి ముఖ్యమైనవి. కాని లోతుగా చూచినచో సర్కారునకు ప్రియమైనది బాలుడు కాదు. అతని ఎస్టేటు చెల్లింపవలసిన పేష్కషు. ఆస్తి లేని బాలునికి ఆ దస్తరములో చోటు లేకుండెను.

పేదవాని బిడ్డ దస్తరములోనికి రెండు త్రోవల ప్రవేశించెను. ఒకటి కూలియై, రెండవది నేరస్థుడై.

1881వ సంవత్సరపు ఫ్యాక్టరీ చట్టము ఏడేండ్లు నిండని పిల్లలను మిల్లులలో పనికి పెట్టరాదనెను. ఏడు మొదలు పన్నెండేండ్ల లోపువారిచే దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదనెను. తొమ్మిది గంటలు! దానినే నాడు దయ యనుకొనిరి. 1891లో కనీసపు వయస్సు తొమ్మిదేండ్లకును, 1922లో పన్నెండేండ్లకును పెరిగెను. మిల్లు ఇన్‌స్పెక్టరు పుస్తకములో పిల్లల లెక్క చేరెను. కాని షావుకారి పశువులను కాచు కుర్రవానికి గాని, రైతు ఇంట కంబారిగా కుదిరిన బాలునికి గాని ఏ పుస్తకమునను పేరు లేదు. పొలమునకు ఇన్‌స్పెక్టరు రాడు గదా!

ఇక నేరము మాట. 1876లోను, మరల 1897లోను రిఫార్మేటరీ పాఠశాలల చట్టములు వచ్చెను. దొంగతనము చేసి పట్టుబడిన బాలుని పెద్దవారితోపాటు చెరసాలలో నుంచక వేరుగా నుంచి పని నేర్పుట వీని ఉద్దేశము. అది మంచిదే. అయినను బాలుడు సర్కారు కంట బడుటకు తప్పు చేయవలసి వచ్చెను. తప్పు చేయక ఆకలితో నున్న బాలుడు ఎవరి కంటను పడలేదు.

ఈ లోపము కొంత తీరినది 1920లో. ఆ సంవత్సరము మద్రాసు శాసనసభ బాలల చట్టమును చేసెను. దేశమున ఇట్టి చట్టములలో ఇదియే మొదటిది. వంగ రాష్ట్రము 1922లోను, బొంబాయి 1924లోను మద్రాసు అడుగుజాడలను అనుసరించినవి. ఈ చట్టము నేరము చేసిన బాలుని గూర్చి మాత్రమే గాక, దిక్కులేని బాలుని గూర్చియు, క్రూరముగా హింసింపబడిన బాలుని గూర్చియు పలికెను. బాలుడు చేసిన తప్పుతోపాటు బాలునికి జరిగిన తప్పును గూడ న్యాయస్థానము విచారింపవలెనను భావము అప్పుడు కాగితము మీదికి వచ్చెను. మన రాజాము నాడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందినది గావున ఈ చట్టము మనకును వర్తించెను. ఆంధ్ర రాష్ట్రావతరణము తరువాత ఇదియే ఆంధ్ర ప్రాంతపు బాలల చట్టము అను పేర చాలకాలము నిలిచెను. అదే 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టమును వచ్చి, స్థానిక సంస్థలు సర్కారు అనుమతితో తమ పరిధిలో చదువును నిర్బంధము చేయుటకు వీలు కల్పించెను.

మరి అప్పునకు కుదువబడిన బిడ్డల సంగతి? 1929లో నియమితమైన విట్లీ కార్మిక సంఘము దేశమంతట తిరిగి 1931లో నివేదిక సమర్పించెను. తండ్రి తీసికొన్న బయానాకు బిడ్డ శ్రమను తాకట్టు పెట్టు ఆచారమును ఆ నివేదిక బయటపెట్టెను. తత్ఫలితముగా 1933లో బాలల శ్రమను కుదువబెట్టుటను నిషేధించు చట్టము వచ్చెను. పదునైదేండ్లు నిండని బిడ్డ శ్రమను కుదువబెట్టు ఒడంబడిక చెల్లదు. అట్లు చేసిన తండ్రికి 50 రూపాయలవరకును, చేయించుకొన్న యజమానికి 200 రూపాయలవరకును జుల్మానా. ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. చట్టమును తెచ్చినది కేవలము దయ కాదు, నివేదిక. చూచినవారు చూచినది వ్రాసిరి. వ్రాసినదానిని కాదనుటకు సర్కారునకు వీలు లేకపోయెను. పసివాడు అర్జీ వ్రాయలేడు. వాని పక్షమున మరియొకరు వ్రాయవలెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆ పనికి పూనుకొన్నవారిలో మన తెలుగు ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముందువరుసలో నిలిచెను. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన ఆమె, 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు మొదటి అధ్యక్షురాలు. మరుసటి ఏడు రాష్ట్ర బోర్డులును, గ్రామములలో సంక్షేమ విస్తరణ పథకములును మొదలయ్యెను. ఒక్కొక్క పథకము సుమారు 25 గ్రామములకు వర్తించుచు, బాలవాడి, కాన్పు సహాయము, చేతిపనులు మున్నగువానిని నడుపుచుండెను. బాలవాడి హాజరు పట్టీలో కూలివాని బిడ్డ పేరును మోతుబరి బిడ్డ పేరును ఒకే సిరాతో ఎక్కెను. ఎస్టేటు లేకున్నను, నేరము చేయకున్నను, మిల్లులో కూలికి పోకున్నను, కేవలము పసివాడై యున్నందుననే దస్తరములో చోటు దొరకుట ఇచ్చట మనము చూచుచున్నాము. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 బ్లాకులలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఈ మార్గమును విస్తరింపజేసి, అంగన్‌వాడీని ఊరూరికి చేర్చెను.

అయినను సేవ వేరు, హక్కు వేరు. సేవ ఇచ్చువాని యిష్టము; హక్కు అడుగువాని సొత్తు. పదునాలుగేండ్లలోపు పిల్లలకు పదేండ్లలో ఉచిత నిర్బంధ విద్య నేర్పరచుటకు ప్రయత్నింపవలెనని 1950 నాటి రాజ్యాంగము 45వ అధికరణము చెప్పెను, గడువు గడచిపోయెను. 1993లో ఉన్నికృష్ణన్ అనువారు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముపై తెచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు, ఆ వయస్సువరకు విద్య ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పెను. 2002 నాటి రాజ్యాంగ సవరణమును, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టమును ఆ త్రోవలోనివే.

హక్కు ఏర్పడినపిదప దానిని కాపాడుమని ప్రభుత్వమునే అడుగు సంస్థ యొకటి కావలసివచ్చెను. 2005వ సంవత్సరపు బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ల చట్టము జాతీయ కమిషనును, రాష్ట్ర కమిషన్లను ఉద్దేశించెను. జాతీయ కమిషను 2007లో ఏర్పడినపుడు దాని మొదటి అధ్యక్షురాలు గూడ తెలుగువారే. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి కూలి పిల్లలను బడికి మరల్చి, 2003లో మెగసేసే బహుమానము పొందిన శాంతా సిన్హా ఆమె. బడికి పోని ప్రతి బిడ్డయు శ్రామిక బాలుడే యని వాదించినవారు వారు. మిల్లు ఇన్‌స్పెక్టరు చూడని పశువుల కాపరి కుర్రవాడు ఈ వాదముతో లెక్కలోనికి వచ్చెను.

రాష్ట్ర కమిషనులో అధ్యక్షునితోపాటు ఆరుగురు సభ్యులు. వారిలో ఇద్దరైనను స్త్రీలై యుండవలెను. విచారణ సందర్భమున కమిషనునకు సివిలు కోర్టు అధికారములు కలవు. ఏ కచేరి నుండియైనను ప్రభుత్వ దస్తరమును రప్పించుకొనవచ్చును. కాని శిక్ష విధించు అధికారము లేదు. సిఫారసు చేయుట, న్యాయస్థానమునకు పోవుట, ఇవియే దాని ఆయుధములు. అట్లయిన ఏమి ప్రయోజనమని కొందరు అడుగుదురు. దానికి సమాధానము ఆ చట్టములోనే కలదు. కమిషను సమర్పించు వార్షిక నివేదికను ప్రభుత్వము శాసనసభ ముందుంచవలెను. ఏ సిఫారసుపై ఏమి చేసినది, దేనినైనను అంగీకరింపనిచో ఏ కారణమున అంగీకరింపలేదు అను వివరమును దానితో జతపరుపవలెను. అనగా కాదనుటకును కాగితముపై కారణము వ్రాయవలెను. మౌనముగా త్రోసిపుచ్చుటకు వీలులేదు. విట్లీ నివేదిక చేసిన పనిని ఈ చట్టము ఏటేట చేయుమనుచున్నది.

ఇంకొక ముఖ్యవిషయము. దస్తరము దాచుట ఎంత ధర్మమో కొన్నియెడల దాచకుండుటయు అంత ధర్మము. 2015వ సంవత్సరపు బాల న్యాయ చట్టము ప్రకారము, తెలియక తప్పుచేసిన బాలుని శిక్షా పత్రములను అప్పీలు గడువు తీరిన పిమ్మట, ఘోరనేరములు కొన్ని తప్ప, నాశనము చేయవలెను. ఆపదలో చిక్కిన బిడ్డ పేరును ఊరును పత్రికలు ప్రకటింపరాదు. వెనుకటి దస్తరము బాలుని నేరముతోనే గుర్తుంచుకొనెను. నేటి ధర్మము నేరమును మరచి బాలుని గుర్తుంచుకొమ్మనుచున్నది.

ఇక మన ఊరి మాట. రాజాము చరిత్రను వెదకువాడు పలుచోట్ల తిరుగవలెను. విశాఖపట్టణము జిల్లా నాటి కాగితములకు మద్రాసు ఎగ్మూరులోని లిఖిత భాండాగారము. 1950లో ఏర్పడిన శ్రీకాకుళము జిల్లా కాలమునకు అచ్చటి కచేరులు. 1956 తరువాతి ప్రభుత్వ పత్రములకు హైదరాబాదు. 2022లో జిల్లా మారినది గావున ఇకమీదట విజయనగరము. జిల్లా మారినప్పుడెల్ల మూటలు కదలును. కదలిన మూటలో కొన్ని కాగితములు జారిపోవును. గ్రామ మునసబుగారి జనన మరణ పుస్తకములు, కరణముగారి దస్తరములు 1984లో ఆ పదవులు రద్దయినపుడు చేతులు మారినవి. పాత బడిపుస్తకములు చెదలకు ఆహారమగుట మన కన్నుల ఎదుటి సంగతియే.

ఇది కేవలము పండితుల వేదన కాదు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేరుట మొదలు ఓటు వరకు జనన పత్రమే పుట్టిన తేదీకి ప్రమాణము. పుట్టిన 21 దినములలో నమోదు చేయింపని తండ్రి బిడ్డ మార్గమున ముల్లు వేసినవాడగును. అట్లని పత్రము లేదను సాకుతో బిడ్డను బడినుండి త్రిప్పి పంపరాదు. విద్యాహక్కు చట్టము 14వ విభాగము దానిని స్పష్టముగా నిషేధించెను. పత్రము బిడ్డ కొరకు. బిడ్డ పత్రము కొరకు కాదు. ఈ రెండు మాటలును తెలిసిన ఊరిలో ఏ బిడ్డయు గడప బయట నిలువబడదు.

వీనిని తెలుపుటకు గ్రంథాలయమును మించిన చోటేది? బాలల చట్టముల తెలుగు ప్రతులను, కమిషను వార్షిక నివేదికలను తెప్పించి దినపత్రికల ప్రక్కన ఉంచవచ్చును. చదువురాని తల్లికి అర్జీ వ్రాసిపెట్టుటకు వారమునకొక సాయంకాలము కేటాయింపవచ్చును. పాత బడిపుస్తకములు శిథిలము కాకుండ చూడుమని పెద్దలను కోరవచ్చును. పిల్లల ఆంతరంగిక పత్రములను మాత్రము మనము సేకరింపరాదు. అవి వారి సొత్తు.

బొబ్బిలి కోటలో ఒక వృద్ధుడు ఒక బాలుని వెంటబెట్టుకొని వెలుపలికి తెచ్చి, ఇతడు ఫలానావాని బిడ్డయని చెప్పెను. ఆ చెప్పుట వలన ఒక ప్రాణము నిలిచినది. నేడు మనకు ఎదురుగా సైన్యములు లేవు. బల్ల మీద ఒక పుస్తకము తెరచియున్నది. ప్రతి బిడ్డను దాని యెదుటికి తెచ్చి ఫలానావారి బిడ్డయని చెప్పి వ్రాయించుటయే మన వంతు.