ఎర వేసిన నగరం

సముద్రమెరుగని మా బోధన్ చెరకుసీమ పిల్లలకు ‘విక్రాంతుడు’ అనగా పరాక్రమశాలి అని చెప్పేవాడను. ఆ పేరు దాల్చిన విమానవాహక నౌక 1961 మార్చి 4న మన నౌకాదళంలో చేరింది. 1971 నాటికి బాయిలరు పగులుతో దాని వేగం తగ్గిపోయింది. దానిని వేటాడ పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ బయలుదేరింది. వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను రహస్యంగా అండమానులకు పంపి, అది విశాఖలోనే ఉన్నదని నమ్మించుటకు స్థానిక వర్తకుల వద్ద పెద్దయెత్తున సరుకులు పురమాయించారు. ఎత్తు గొప్పదే, కాని ఎరగా నిలిచినది విశాఖ! ఆ సంగతి ఊరివారికి తెలియదు. డిసెంబరు 3-4 రాత్రి ఘాజీ విశాఖ చెంతనే మునిగింది. 4వ తేదీన విక్రాంత్ విమానాలు కాక్స్‌బజారుపై విరుచుకుపడ్డాయి. 1997లో విశ్రమించిన ఆ నౌకను 2014లో విడగొట్టనారంభించారు. దాని లోహంలో కొంత 2016లో బజాజ్ మోటారు సైకిళ్లలో కలిసింది.