నెగటివ్ రిపోర్టు తర్వాత మిగిలే భయం: పాతబస్తీ నుంచి ఒక చరిత్ర

సుఖవ్యాధుల క్లినిక్‌లో పనిచేసే ఏ డాక్టరుకైనా ఈ మనిషి తెలుసు. చేతి కవరులో రెండు మూడు ల్యాబుల రిపోర్టులుంటాయి. అన్నిట్లోనూ నెగటివే. అయినా నిద్ర పట్టదు. గొంతు మండితే అదేనేమో, రాత్రి చెమట పడితే అదేనేమో, కిలో బరువు తగ్గితే అదేనేమో. ఇంకో పరీక్ష రాయమంటాడు. రాయనంటే ఇంకో డాక్టరును వెతుక్కుంటాడు. ఇలాంటివాళ్ల గురించి పాతబస్తీలో ఉర్దూ సామెత ఒకటి చెబుతారు: వహమ్‌కి, అంటే లేనిపోని అనుమానానికి, మందు వైద్యుల్లో మేటి హకీమ్ లుఖ్మాన్ దగ్గర కూడా లేదని. ఆ సామెతను నేను ఒప్పుకోలేను. లేని రోగం ఉందనే ఈ అనుమానం కూడా ఒక రోగమే. దానికి పాత చరిత్ర ఉంది, చికిత్సా ఉంది. ఆ చరిత్ర వెంట నడిస్తే కనిపించేదేమంటే, పరీక్షలు మెరుగైనంత మాత్రాన ఈ భయం తగ్గలేదు. ప్రతి కొత్త పరీక్షలోనూ అది తనకు కావలసిన సందు వెతుక్కుంది.

హైదరాబాద్ నగరం పుట్టిన నాలుగేళ్లకే, 1595లో, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా ఆస్పత్రి కట్టించాడు. అక్కడ సాగింది యునానీ వైద్యం. 1037లో కన్నుమూసిన ఇబ్న్ సీనాతో సహా యునానీ వైద్యులు మాలిఖోలియా అనే మనోవ్యాధిని వివరంగా రాశారు. అందులో ఒక రకం మాలిఖోలియా మరాఖీ. పొట్ట పైభాగంలో ఉబ్బరం, తేన్పులు, గుండెదడ, వాటితో పాటు కారణం తెలియని భయం, దిగులు. రోగి అబద్ధం చెబుతున్నాడని వాళ్లు అనలేదు. ఒంట్లోనూ మనసులోనూ ఒకేసారి పుట్టిన బాధగా దాన్ని చూశారు. కారణాన్ని నల్లపిత్తంలో వెతకడం నేటి శాస్త్రానికి నిలవదు గానీ, రోగిని నమ్మడంలో వాళ్లది సరైన దారి అని నా అభిప్రాయం.

దారుల్‌షిఫా కట్టేనాటికే ఒక కొత్త రోగం కూడా వచ్చింది. 1495 ప్రాంతంలో ఇటలీలో చెలరేగిన సిఫిలిస్ కొద్ది ఏళ్లలోనే సముద్రం దాటి మన తీరాలకు చేరింది. పదహారో శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశంలో దాన్ని ఫిరంగ రోగమని వర్ణించి, రసకర్పూరం వాడమన్నాడు. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా పుస్తకంలో దానికి వాడే చైనా దుంప గురించి ఒక అధ్యాయమే ఉంది. హకీములు చోబ్‌చీనీ అనే ఆ దుంపనే మన మూలికల అంగళ్లు పరంగిచెక్క అని అమ్ముతాయి. రసకర్పూరం పాదరసం నుంచి చేసిన మందు. అది వాడితే నోట్లో పుళ్లు పడతాయి, లాలాజలం కారుతుంది. రోగం వల్ల వచ్చిన పుండేదో, మందు వల్ల వచ్చిన పుండేదో తెలుసుకునే దారి రోగికి లేదు.

సిఫిలిస్‌కు ఇంకో గుణం ఉంది. మొదటి పుండు మందు లేకుండానే మానిపోతుంది. ఏళ్ల తరబడి ఏ గుర్తూ ఉండదు. ఆ తర్వాత కొందరిలో గుండె దగ్గరి రక్తనాళాన్నో, మెదడునో పట్టుకుంటుంది. లక్షణాలు లేకపోవడం ఆరోగ్యానికి సాక్ష్యం కాదన్న పాఠం మనుషులకు అలా ఒంటికి పట్టింది. ఆ రోజుల్లో ఆ భయం న్యాయమైనదే. తర్వాతి శతాబ్దాల్లో దాని వెనకున్న న్యాయం తరిగిపోయింది గానీ భయం తరగలేదు.

దానికి సిగ్గు ఎలా అంటుకుందో కూడా చెప్పాలి. బ్రిటిష్ దండుల్లో సైనికుల కోసమని 1864 కంటోన్మెంట్ చట్టం, 1868 అంటువ్యాధుల చట్టం తెచ్చారు. వాటి కింద ఆడవాళ్లను బలవంతంగా పరీక్షించి లాక్ హాస్పిటళ్లు అనే సుఖవ్యాధుల ఆస్పత్రుల్లో బంధించారు. 1868 చట్టం 1888లో రద్దయింది. ఈ జబ్బు వచ్చినవాళ్లు నేరస్థులన్న భావన మాత్రం చట్టంతో పోలేదు.

1905లో షౌడిన్, హాఫ్‌మన్ సిఫిలిస్ క్రిమిని కనుగొన్నారు. మరుసటి ఏడు వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. ఒంటి మీద ఏమీ లేకపోయినా రక్తం చెబుతుందన్న నమ్మకం అక్కడ మొదలైంది. కానీ ఆ పరీక్ష మలేరియా, కుష్టు ఉన్నవాళ్లలోనూ పాజిటివ్ చూపేది. మన ప్రాంతంలో ఆ రెండూ మెండు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ పాత ఆస్పత్రి పోయాక ఏడవ నిజాం కాలంలో ఉస్మానియా ఆస్పత్రి లేచింది. ఆయన కాలంలోనే చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆస్పత్రి కట్టారు. నది ఒక ఒడ్డున సూక్ష్మదర్శిని, మరో ఒడ్డున నాడి పట్టే హకీము. ఒకచోట తీరని అనుమానాన్ని రెండోచోటికి మోసుకెళ్లే వీలు ఈ నగరంలో ఎప్పుడూ ఉంది.

1943లో పెన్సిలిన్ సిఫిలిస్‌ను నయం చేస్తుందని రుజువైంది. 1948లో మన యల్లాప్రగడ సుబ్బారావు మార్గదర్శకత్వంలో లెడర్లీ నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. భయం అక్కడితో పోవాలి. పోలేదు. సిఫిలిస్ తగ్గుముఖం పట్టిన 1957లో ఇడా మకల్పైన్ అనే మనోవైద్యురాలు బ్రిటిష్ సుఖవ్యాధుల పత్రికలో సిఫిలిస్ భయం మీద వ్యాసం రాసింది. రోగం లేకపోయినా ఉందని గట్టిగా నమ్మేవాళ్లకు మళ్లీ మళ్లీ రక్తపరీక్ష చేయడం పరిష్కారం కాదని ఆనాటికే స్పష్టం. 1960లో డాక్టర్ ఎన్. ఎన్. విగ్ మన దేశపు యువకుల్లో ధాతు (వీర్య) నష్టం గురించిన దిగులును ఒక ప్రత్యేక లక్షణసముదాయంగా గుర్తించాడు. సిఫిలిస్ భయం, ఈ దిగులు, రెండింటి వెనకా ఉన్నది తప్పు చేశానన్న బాధే.

ఆ బాధ మీద వ్యాపారం చేసిన గోడలు హైదరాబాద్‌లో కోకొల్లలు. గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం, రహస్యంగా చూడబడును అనే పోస్టర్లు బస్టాండు మూత్రశాలల్లో చదవనివాళ్లు అరుదు. 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టం సుఖవ్యాధుల మందుల ప్రకటనలను నిషేధించింది. హమ్‌దర్ద్ దవాఖానా దాన్ని సవాలు చేస్తే, 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు కొన్ని భాగాలు కొట్టేసి మిగతా చట్టాన్ని నిలబెట్టింది. అయినా పోస్టర్లు పోలేదు. ఎదుటి పక్షాన నిలబడినవి వారపత్రికలు. స్వాతిలో డాక్టర్ జి. సమరం శీర్షిక, బయట ఎవరినీ అడగలేని ప్రశ్నలకు తేట తెలుగులో జవాబిచ్చింది. పేరు లేకుండా అడగగలగడం ఎంత మేలో ఆ శీర్షిక ఆదరణే చెప్పింది.

తర్వాత హెచ్‌ఐవి. 1985లో ఎలైజా పరీక్ష, 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ బృందం గుర్తించిన మొదటి కేసులు, 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో), 1998లో మన రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ఎక్కువ వ్యాప్తి ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. 2000ల మొదట్లో ఊరూరా హోర్డింగు లేచింది: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? టీ బంకుల దగ్గర ఎయిడ్స్ మాట ఎత్తేలా చేసింది ఆ ప్రచారమే, ఆ మేలు గొప్పది. కానీ జవాబు లేని ప్రశ్నను తన మీదే వేసుకుని రాత్రంతా మేలుకునే మనసులూ ఉంటాయి. వాటి కోసం ఏ హోర్డింగూ పెట్టలేదు.

హెచ్‌ఐవి పరీక్షకు ఒక విండో పీరియడ్ ఉంటుంది. వైరస్ చేరిన నాటి నుంచి పరీక్ష దాన్ని పట్టుకునే నాటి వరకు ఉండే వ్యవధి అది. మొదటి తరం ఎలైజాకు ఎక్కువ వారాలు పట్టేది, ఆరు నెలలు ఆగి మళ్లీ చేయించుకోమనేవారు. యాంటీబాడీతో పాటు పి24 యాంటిజెన్‌నూ చూసే నాలుగో తరం ల్యాబ్ పరీక్ష 45 రోజులకు తేల్చేస్తుంది. యాంటీబాడీ మాత్రమే చూసే రాపిడ్ కిట్‌కు 90 రోజులు. సిఫిలిస్‌కూ 90 రోజులు చాలు. గనేరియా, క్లమీడియాకు రెండు వారాల తర్వాత చేసే న్యూక్లిక్ ఆమ్ల పరీక్ష సరిపోతుంది. అనుమానం వచ్చిన వెంటనే హెచ్‌ఐవి సోకకుండా ఇచ్చే పెప్ మాత్రలు వాడినవాళ్లకు లెక్క వేరు, గడువు డాక్టరే చెప్పాలి. ఇంత స్పష్టత వచ్చినా పాత ఆరు నెలల మాట జనం నోట్లో నిలిచే ఉంది. 90వ రోజు నెగటివ్ వచ్చినవాడు ఆ మాట విని ఇంకో మూడు నెలలు నరకం చూస్తాడు. ఆ తర్వాత ల్యాబ్ తప్పు చేసిందేమో అంటాడు, తన రక్తం అందరిలాంటిది కాదేమో అంటాడు.

ఈ చక్రం ఎలా తిరుగుతుందో 1986లో పాల్ సల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ అనే పరిశోధకులు వివరించారు. రిపోర్టు చూసినప్పుడు భయం దిగుతుంది, కొన్ని గంటలో రోజులో. మళ్లీ అనుమానం లేస్తుంది, మళ్లీ పరీక్ష. దురద పుట్టినచోట గోకితే హాయిగానే ఉంటుంది, పుండు మాత్రం మానదు. ఒళ్లు కూడా ఈ పనికి సాయం చేస్తుంది. లింఫ్ గ్రంథులు రోజూ నొక్కి చూసుకుంటే నొప్పి పెడతాయి. స్రావం వస్తుందేమోనని మూత్రనాళాన్ని పదే పదే పిండితే మంట పుడుతుంది. ఎప్పటి నుంచో ఉన్న, ఏ హానీ లేని ఫోర్డైస్ మచ్చలు అద్దంలో కొత్తగా కనిపిస్తాయి. ఆందోళనకే మాటిమాటికీ మూత్రం వస్తుంది, బరువు తగ్గుతుంది. మెడికల్ షాపులో అడిగి మింగిన యాంటీబయాటిక్స్ వల్ల వచ్చిన నోటిపూత, విరేచనాలు కొత్త సాక్ష్యాలవుతాయి. పాదరసం నాటి కథే ఇది.

ఆడవాళ్ల సంగతి ఇంకా లోపల దాగి ఉంది. తెల్లబట్ట మామూలుగా ఉన్నా భర్త మీది అనుమానంతో కుమిలిపోయే ఇల్లాలికి క్లినిక్‌కు వెళ్లడానికే తోడు కావాలి, ఆ తోడుకు కారణం చెప్పాలి. ఉమ్మడి కుటుంబాల ఇరుకు గల్లీల్లో రిపోర్టు దాచుకునే చోటే ఉండదు. 2018 సెప్టెంబరులో అమల్లోకొచ్చిన హెచ్‌ఐవి చట్టం అంగీకారం లేని పరీక్షను, గుట్టు బయటపెట్టడాన్ని నిషేధించింది. ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్లు కావాలి.

చికిత్స ఉందని మొదట్లోనే అన్నాను. 2014లో లాన్సెట్‌లో వచ్చిన పీటర్ టైరర్ బృందం పరిశోధనలో 444 మంది రోగులున్నారు. ఆలోచనా సరళిని మార్చే చికిత్స తీసుకున్నవాళ్లలో ఆరోగ్యభయం మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే బాగా తగ్గింది. పద్ధతి సూటిగానే ఉంటుంది. గడువు దాటాక సరైన పరీక్ష ఒకసారి చేయించుకోవాలి, అక్కడ ఆపాలి. ఒక్క డాక్టరునే నమ్ముకోవాలి. అద్దం ముందు వెతకడం, గ్రంథులు నొక్కడం, ఫోనులో లక్షణాలు చదవడం, ఇంట్లోవాళ్లను నాకేం లేదు కదా అని పదే పదే అడగడం రోజు రోజుకూ తగ్గించాలి. ఆపిన మొదట్లో భయం పెరుగుతుంది, తట్టుకుంటే దానంతటదే దిగుతుంది. అవసరమైతే మనోవైద్యుడు మందులిస్తాడు. దీని వెనక ఓసీడీ అనే మానసిక జబ్బు ఉంటే అదీ కుదుటపడుతుంది.

మానసిక ఆస్పత్రి అంటే ఎర్రగడ్డ అని, ఎర్రగడ్డ అంటే పిచ్చి అని మన ఊళ్లో ముద్ర పడింది. అక్కడిదాకా పోనక్కర్లేదు. ఉస్మానియా జనరల్ ఆస్పత్రిలోనే మానసిక విభాగం ఉంది, 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు పేరు చెప్పకుండానే ఫోన్ చేయవచ్చు. హెచ్‌ఐవి సందేహాలకు 1097 ఉంది. నేను కోరేది సుఖవ్యాధుల డాక్టర్ల నుంచి, పరీక్షా కేంద్రాల కౌన్సెలర్ల నుంచి. మూడోసారి నెగటివ్ రిపోర్టుతో వచ్చిన మనిషిని నీకేం లేదు పో అని పంపేయకండి. నీకు సుఖవ్యాధి లేదు, నీ బాధ మాత్రం నిజం, దానికి డాక్టరు పక్క విభాగంలో ఉన్నాడు అని చెప్పి, చీటీ రాసి, దారి చూపించండి.