సభ్యుల హాలు ఊరి హాలైన వైనం

ఈ వజ్రోత్సవ సంచికలో మన క్లబ్ తొలి కార్యవర్గాల గురించి, టెన్నిస్ కోర్టు గురించి, గ్రంథాలయం గురించి పెద్దలు రాస్తున్నారు. హాలు గురించి, ముఖ్యంగా దానికి తెచ్చుకున్న లైసెన్సుల గురించి రాసే పని నాకు అప్పగించారు. కాగితాల కథే కదా అనిపించవచ్చు. కానీ క్లబ్‌లో సభ్యత్వం లేని కుటుంబాలు కూడా ఇవాళ ‘మన హాలు’ అంటున్నాయంటే అందుకు కారణం ఆ కాగితాలే.

తెలుగునాట ఇలాంటి హాళ్లకు మంచి వారసత్వం ఉంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1890లోనే టౌన్‌హాలు కట్టించి ఊరికి సభాస్థలం ఏర్పరిచారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఎస్.వి. రంగారావు, అంజలీదేవి వేషాలు కట్టారు. క్లబ్ అంటే పేకబల్ల ఒక్కటే కాదు, రంగస్థలం కూడా అన్న ఆ భావనతోనే మన పెద్దలు వేదిక వెనక రెండు మేకప్ గదులు కట్టించారు.

మొదట్లో హాలు పూర్తిగా సభ్యులదే. సభ్యుల ఇళ్లలో పెళ్లిళ్లు, ఉగాది కవి సమ్మేళనం, పిల్లల నాటికలు జరిగేవి. అతిథి పేరు గేటు దగ్గర పుస్తకంలో రాసి, పక్కన సభ్యుడు సంతకం పెడితే సరిపోయేది. క్రమంగా బయటివారు అడగడం మొదలైంది. ముహూర్తాల రోజుల్లో ఊళ్లో మరో పెద్ద హాలు దొరికేది కాదు. కాదనలేక, సభ్యుడి పేరు మీద బుక్ చేసి బయటివారి శుభకార్యాలకు ఇచ్చేవాళ్లం. రిజిస్టరులో ఉన్నది ఒకరి పేరు, పీటల మీద కూర్చున్నది మరొకరి పిల్లలు. మంచి మనసుతోనే జరిగినా అది సరైన పద్ధతి కాదు. ఏదైనా జరిగితే జవాబుదారీ ఎవరు? ఈ ప్రశ్న సర్వసభ్య సమావేశం ముందుకు వచ్చింది. బయటివారికి ఇవ్వడం మానేయడమా, లైసెన్సు తీసుకుని బాహాటంగా ఇవ్వడమా అని చర్చ జరిగి, చివరకు రెండోదే తీర్మానమైంది.

చట్టం దృష్టిలో సభ్యులు వాడుకోవడానికీ, బయటివారికి ఇవ్వడానికీ చాలా తేడా ఉంది. సభ్యుడు, క్లబ్ వేరు కాదన్నది పాత న్యాయసూత్రం. కలకత్తా క్లబ్ కేసులో 2019 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆ సూత్రాన్నే సమర్థించింది. జీఎస్టీ విషయంలో 2021 ఆర్థిక చట్టం దాన్ని పక్కకు నెట్టింది, అది వేరే సంగతి. బయటి మనిషి అద్దె కట్టి లోపలికి వచ్చినప్పుడు మాత్రం ఆ సూత్రం అండ ఎప్పుడూ లేదు. అప్పుడు హాలు ప్రజలు గుమిగూడే స్థలం. మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర ప్రాంతానికి సంక్రమించిన 1888 నాటి చట్టం, 500 చదరపు అడుగులు, అంతకు మించిన కట్టడాన్ని ప్రజా వినోదానికి వాడాలంటే లైసెన్సు ఉండాలంది. మన హాలు ఆ కొలతకు ఎన్నో రెట్లు.

అంత కట్టుదిట్టం ఎందుకో రెండు విషాదాలు చెబుతాయి. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలైన మంటల పొగ బాల్కనీని కమ్మేసింది. అదనంగా వేసిన సీట్లు అక్కడివారి దారిని మూసేశాయి. 2004 జనవరిలో శ్రీరంగంలోని కల్యాణ మండపంలో ఆకుల పందిరికి నిప్పంటుకుని పెళ్లికొడుకుతో సహా ఎందరో బలయ్యారు. అక్కడికి వచ్చినవాళ్లంతా పెళ్లి భోజనానికి వచ్చిన చుట్టపక్కాలు.

మన హాలు వెనక తలుపులు రెండూ లైసెన్సు తీసుకోకముందు లోపలికి తెరుచుకునేవి. భయంతో జనం ఒక్కసారిగా మీద పడితే అలాంటి తలుపు కదలదు. అగ్నిమాపక శాఖవారు చెప్పింది విని రెండింటినీ పీకించి, బయటికి తెరుచుకునేలా కొత్త చట్రాలు బిగించాం. దొంగల భయంతో వేసిన ఇనుప గ్రిల్లు తీసేశాం. గాడిపొయ్యి హాలు గోడకు ఆనుకుని ఉండేది, దాన్ని ప్రహరీ వైపు జరిపాం. ఇప్పుడు మా మేనేజరు తొలి అతిథి రాకముందే తాళాల గుత్తితో వెళ్లి రెండు తలుపులూ తెరిచి, అడ్డంగా కుర్చీల దొంతరలు ఉంటే తీయించి, రిజిస్టరులో సంతకం పెడతారు. మన క్లబ్ సాధించిన కప్పులన్నిటికంటే నాకు ఆ సంతకాల వరుసే ఎక్కువ గర్వకారణం.

మైకు విషయమూ అంతే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు లిఖితపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మోగకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. మన ప్రహరీ అవతలే పరీక్షలకు చదువుకునే పిల్లలున్న ఇళ్లున్నాయి. అందుకే బుకింగ్ ఫారంలోనే ఈ షరతు రాసి సంతకం తీసుకుంటున్నాం.

పాటల విషయంలో చాలామందికి అనుమానాలున్నాయి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ లాభాపేక్ష లేని క్లబ్ తన కార్యక్రమాల్లో వేసుకునే రికార్డులకు మినహాయింపు ఇచ్చింది. టికెట్ లేకుండా ఔత్సాహిక సంఘాలు వేసే నాటకాలకూ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ మినహాయింపు ఉంది. కానీ టికెట్ పెట్టి జరిపే సంగీత విభావరికి నిర్వాహకులు లైసెన్సు తెచ్చుకోవలసిందే. మద్యం సంగతీ స్పష్టం: క్లబ్ బార్ లైసెన్సు హాలు అద్దెకు తీసుకున్నవారికి వర్తించదు. ఎక్సైజ్ పర్మిట్ లేనిదే ఫంక్షన్‌లో సీసా కనిపించకూడదు.

ఈ లైసెన్సుల రెన్యువల్స్ తలనొప్పి మనకెందుకు, హాలు సభ్యులకే పరిమితం చేద్దామని ఈమధ్య కొందరు మిత్రులు అంటున్నారు. వారి విసుగు నాకు అర్థమవుతుంది, కానీ ఆ ఆలోచనను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. లైసెన్సు ఉన్నందువల్లే ముక్కూమొహం తెలియని కుటుంబం ఎవరి సిఫారసూ లేకుండా నేరుగా ఆఫీసుకు వచ్చి, రసీదు తీసుకుని, సభ్యుడితో సమానమైన భద్రతతో పెళ్లి చేసుకోగలుగుతోంది. సభ్యుడి మొహం చూసి ఇచ్చిన రోజుల్లో ఆ గౌరవం వారికి దక్కలేదు.

వజ్రోత్సవ కార్యవర్గానికి నా విన్నపాలు మూడు. హాల్లో ఒకేసారి ఎంతమంది ఉండవచ్చో ఆ సంఖ్యను గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాయించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కోరే ర్యాంపును ప్రధాన ద్వారం దగ్గరే కట్టించండి, వెనక సందులో కాదు. నాటక సమాజాలకు అద్దె తగ్గించండి. ఆ మేకప్ గదులు మళ్లీ కళకళలాడాలి.