అడగకుండా ఇచ్చిన మునిసిపాలిటీ

చీరాల–పేరాల ఉద్యమం అనగానే మా ఊరి పిల్లలు రెండు ముక్కలు చెబుతారు. గాంధీగారు వచ్చారు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఊరు ఖాళీ చేయించారు. రెండూ నిజమే. ఊరు ఊరంతా ఎందుకు కదిలిందని అడిగితే మాత్రం తెల్లవాళ్ల మీద పోరాటం అని ఊరుకుంటారు. అసలు గొడవ మొదలైంది మునిసిపాలిటీ దగ్గర. స్వరాజ్యం మాట తర్వాత వచ్చి దాంట్లో కలిసింది. పేరాలలో పుట్టి, ఇప్పటికీ ఇక్కడే ఇంటి పన్ను కడుతున్నవాణ్ని కాబట్టి ఆ మునిసిపాలిటీ సంగతి వివరంగా చెప్పుకోవాలని నా కోరిక.

అప్పట్లో చీరాల, పేరాల రెండూ గుంటూరు జిల్లాలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఊళ్లు. మద్రాసు–బెజవాడ రైలుమార్గం మీద ఉండటంతో చీరాలలో వ్యాపారం పెరిగింది. జనంలో ఎక్కువమంది నేతపనివాళ్లు. ఇక్కడి తేలియా రుమాళ్లు సముద్రం దాటి అరబ్బు దేశాలదాకా వెళ్లేవి. ఇంట్లో గుంట మగ్గం, వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించడం, అరుగు మీద ఆడవాళ్లు నూలు చుట్టడం, ఇదీ ఊరి తీరు. నేతగాడికి వీధి అంటే నడిచే దారి మాత్రమే కాదు, అతని పనిచోటు కూడా. సముద్రం దగ్గర కాబట్టి నేలంతా ఇసుక. కురిసిన వాన కురిసినట్టే ఇంకిపోతుంది. మురుగుకాలవల కోసం పన్ను కట్టమంటే ఆ నేల మీద బతికేవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు ఊళ్లమీద పడే పన్ను ఏడాదికి 4,000 రూపాయలు. మునిసిపాలిటీ వచ్చాక అది 40,000 దాకా పోయింది. ఆనాటి జనాభా 15,326. లెక్క వేస్తే చంటిపిల్లతో సహా మనిషికి నాలుగణాలు పడుతున్నది ఒక్కసారిగా రెండు రూపాయల పదణాలైంది. అయిదుగురున్న ఇంటికి పదమూడు రూపాయలు. కూలి మగ్గం నేసే ఇంట్లో ఆ పదమూడు రూపాయలు ఎక్కడ పుడతాయి? షావుకారు దగ్గర పుడతాయి, అప్పుగా.

మునిసిపాలిటీ పెట్టాలనుకున్నవాళ్లకు దురుద్దేశం అంటగట్టను. రైలుకట్ట పక్కన ఊరు పెరుగుతోంది, వ్యాపారం పెరుగుతోంది, రోడ్లూ దీపాలూ ఆసుపత్రీ కావాలి, వాటికి డబ్బు కావాలి. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికి లేదు. అయితే ఆ కాగితం మీద ఊరి ఆదాయం ఉంది, జనాభా ఉంది, ఊరివాళ్ల అభిప్రాయం మాత్రం లేదు. మాకు రోడ్డు ముందు కావాలా, పన్ను తగ్గింపు ముందు కావాలా అని ఎవరూ అడగలేదు. తెల్లారేసరికి ఊరి హోదా మారింది, తలుపు మీదకు డిమాండు నోటీసు వచ్చింది.

ఊరు వెంటనే తిరగబడలేదు. ఈ సంగతి చాలామంది మరిచిపోయారు. ముందు పన్ను కట్టేవాళ్లు సంఘంగా ఏర్పడ్డారు. అర్జీలు రాశారు. మునిసిపాలిటీ మాకు వద్దు, ఇంత పన్ను మోయలేం, పాత పద్ధతే ఉంచండి అని అధికారులకు మొరపెట్టుకున్నారు. ఆ మొర ఎవరూ వినలేదు. ఊరివాళ్ల ఒత్తిడికి కౌన్సిలు సభ్యులు రాజీనామా చేశారు. అప్పుడైనా ఊరి మాట వినాలి కదా. ప్రభుత్వం జీతం ఇచ్చి ఒక అధికారిని తెచ్చి మునిసిపాలిటీ మీద కూర్చోబెట్టింది. ఊరివాళ్లు ఎన్నుకున్నవాళ్లు లేకుండానే ఊరి పాలనా, పన్ను వసూలూ సాగాయి. అర్జీ, సంఘం, రాజీనామా, చట్టం చూపించే దారులన్నీ తొక్కి చూశాకే జనం పన్ను కట్టేది లేదన్నారు.

అవతలి పక్షంలో ఎవరున్నారో కూడా గుర్తుంచుకోవాలి. మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో 1920 చివర్లో మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. పోలీసు, రెవెన్యూ శాఖలు గవర్నరు చేతిలోనే ఉన్నా, స్థానిక స్వపరిపాలన శాఖను భారతీయ మంత్రికి అప్పగించారు. ఆ మంత్రి పానగల్లు రాజా పానుగంటి రామరాయణింగారు. అచ్చమైన తెలుగువాడు, కాళహస్తి ప్రాంతంవాడు. 1921 జూలైలో మొదటి మంత్రి అయ్యారు. విద్యలోనూ ఉద్యోగాల్లోనూ వెనకబడిన కులాలకు చోటు కల్పించడంలో ఆ ప్రభుత్వం చేసిన మేలును నేను తక్కువ చేయను. చీరాల విషయంలో మాత్రం ఆ ప్రభుత్వం పట్టు సడలించలేదు. ఆ మంత్రులు శాసనసభకు జవాబుదారీ. ఆ శాసనసభను ఎన్నుకున్నది ఆస్తీ, పన్నూ ఉన్న కొద్దిమంది. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి అందులో ఓటు లేదు. అందుకే దీన్ని తెల్లవాళ్ల మీద పోరాటం అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు మనసొప్పదు. తన భాష మాట్లాడే మంత్రి ఉన్నా మా ఊరికి తన గోడు వినిపించుకునే దారి దొరకలేదు.

పన్ను కట్టనన్నవాళ్ల సామాన్లు జప్తు చేశారు. కొందరిని జైలుకు పంపారు. వాళ్లలో రావూరి అలమేలమ్మ అనే పెద్దావిడ ఉంది. దేశంలో రాజకీయ కారణంతో జైలుకెళ్లిన మొదటి ఆడమనిషి ఆమేనని మా దగ్గర చెప్పుకుంటారు. మొదటిదో రెండోదో తేల్చడం చరిత్రకారుల పని. ఓటు లేని, సభల్లో కుర్చీ లేని ఒక ముసలమ్మ పన్ను విషయంలో నా మాటకూ విలువుందని నిలబడింది. ఆమెను తలుచుకోవడానికి నాకు అది చాలు.

ఉద్యమాన్ని భుజాన వేసుకున్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు పుట్టింది కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో, 1889లో. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. చివరికి మా చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టారు. నాట్యశాస్త్రం తెలిసిన పండితుడు ఇంటి పన్ను గొడవలో తలదూర్చడం ఈ రోజుల్లో వింతగా కనిపించవచ్చు. ఆయనకు అది వింత కాలేదు. శ్రీరామదండు పేరుతో కుర్రవాళ్లను కూడగట్టారు. కాషాయం కట్టి, రుద్రాక్షలు వేసుకుని, క్రమశిక్షణతో పనిచేసే దండు అది. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు లక్షలాదిగా తరలివచ్చిన జనాన్ని అదుపు చేసింది ఈ దండే.

ఆ బెజవాడ సమావేశం ముగిశాక ఏప్రిల్ మొదటివారంలో గాంధీగారు చీరాల వచ్చారు. రెండు దారులు చూపించారు. ఒకటి, హింస లేకుండా పన్ను నిరాకరించి జైళ్లకు సిద్ధపడటం. రెండోది, మునిసిపాలిటీ హద్దు దాటి బయటకు పోవడం. హద్దులో మనిషి లేకపోతే పన్ను వేయడానికి ఎవరుంటారు? ఏ దారి పట్టినా కాంగ్రెస్ సొమ్ము మీద ఆశ పెట్టుకోవద్దని, మీ బలం మీదే చేయాలని కూడా చెప్పారు. ఊరు రెండో దారి ఎంచుకుంది.

ఆ వేసవిలో 15,326 మందిలో 13,572 మంది ఇళ్లు విడిచి హద్దు అవతలికి వెళ్లారు. తాటాకు పాకలు వేసుకున్నారు. ఆ కొత్త వాడకు రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఈ అంకె చదివినప్పుడల్లా నా ఆలోచన మగ్గాల దగ్గర ఆగిపోతుంది. వ్యాపారి పెట్టె సర్దుకుని వెళ్లగలడు. గుంట మగ్గాన్ని అలా తీసుకుపోవడం కుదరదు. పడుగు సగంలో ఉంటే కోసేయాలి, లేదా నేసి పూర్తి చేయాలి. దూలాలూ గూటాలూ ఊడదీసి, కొత్త చోట మళ్లీ గుంట తవ్వి, అచ్చు సరిచూసి బిగించుకోవాలి. అన్నాళ్లూ కూలి లేదు. వానాకాలం వస్తే పాకలో గుంట తడుస్తుంది, నూలు చెమ్మగిల్లుతుంది. ఇవన్నీ తెలిసే వెళ్లారు. పన్ను కట్టడం కంటే ఇల్లు వదలడమే వాళ్లకు ఎక్కువ నష్టం. డబ్బు లెక్కే చూసుకుంటే పదమూడు రూపాయలు అప్పు తెచ్చి కట్టేసేవాళ్లు.

రామనగర్‌లో తమ పాలన తామే చేసుకున్నారు. అన్ని కులాల పెద్దలూ కలిసి కూర్చునే సభ నడిచిందని, తగాదాలు కోర్టుకెక్కకుండా అక్కడే తీర్చుకున్నారని మా పెద్దలు చెప్పేవారు. పాలనే వద్దన్నవాళ్లు కాదు వీళ్లు. పందిట్లో కూర్చుని తేల్చుకోగలిగిన పాలన కావాలన్నారు. మునిసిపాలిటీ ఇస్తానన్న సౌకర్యాల్లో ఒక్కటీ లేని పాకల మధ్య పదకొండు నెలలు ఉన్నారు.

అన్ని నెలలు గడవడం మాటలు కాదు. సర్కారు స్థలంలో పాకలు వేశారని జరిమానాలు వేశారు. డబ్బు కరువైంది. విరాళాల కోసం గోపాలకృష్ణయ్యగారు తిరుగుతూ బరంపురం వెళితే అక్కడ మాట్లాడకూడదని ఆంక్ష పెట్టారు. ఆయన మాట్లాడారు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నడిపించే మనిషి లేడు, వాన, రోగాలు, అప్పులు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జరిగిన హింస తర్వాత దేశమంతటా సహాయ నిరాకరణ ఆగిపోయింది. జనం ఒక్కో ఇల్లూ వెనక్కి వచ్చారు. పన్ను కట్టారు. మునిసిపాలిటీ నిలిచింది. గోపాలకృష్ణయ్యగారు 1928లో, 39 ఏళ్లకే పోయారు.

దీన్ని ఓటమి అన్నవాళ్లున్నారు. కాదని వాదించను. పన్ను కట్టించుకున్నవాళ్లే గెలిచారు. అదే జిల్లాలో అదే కాలంలో పెదనందిపాడులో శిస్తు నిరాకరణ జరిగింది, పల్నాడులో పుల్లరి అనే పశువుల మేత పన్ను మీద పోరాడిన కన్నెగంటి హనుమంతు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ మూడింటిలోనూ పన్ను వేసేవాడికీ కట్టేవాడికీ మధ్య మాట్లాడుకునే చోటు లేదు. ఆ చోటు ఇప్పుడు ఎంత ఏర్పడిందో చూడటం నూరేళ్ల తర్వాత మన పని.

పల్లెలకు ఆ చోటు ఉంది. రాజ్యాంగం గ్రామసభను గుర్తించింది. 2022లో అమరావతి రాజధాని ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేయాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు ఊరూరా గ్రామసభలు పెట్టారు. జనం లేచి వద్దన్నారు. 1919లో మా ఊరికి దొరకనిది అదే పాత గుంటూరు జిల్లాలో, కృష్ణ ఒడ్డున, వాళ్లకు దొరికింది. ఆ సభల వార్తలు చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి. ఆ ఊళ్ల రాజకీయం సంగతి ఎలా ఉన్నా, మైకు ముందు నిలబడి ‘మాకు వద్దు’ అని చెప్పి, ఆ మాట రిజిస్టరులో ఎక్కించుకుని ఇంటికి పోయారు. ఎవరూ పాకలు వేసుకోనక్కర్లేకపోయింది.

పట్టణానికి మాత్రం రాజ్యాంగంలో అలాంటి సభ లేదు. ఒక ప్రాంతాన్ని పట్టణంగా ప్రకటించడానికి జనాభా, జనసాంద్రత, ఆదాయం లాంటివి చూడాలని 243క్యూ అధికరణం చెబుతుంది. అక్కడున్నవాళ్ల సమ్మతి ఆ జాబితాలో లేదు. 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చి వార్డు కమిటీలు తెచ్చింది గాని, అవి తప్పనిసరి అయింది మూడు లక్షలూ అంతకుమించి జనాభా ఉన్న పట్టణాలకే. చీరాల ఆ లెక్కకు దరిదాపుల్లో లేదు. మనలాంటి పట్టణాల్లో అయిదేళ్లకోసారి వేసే ఓటు, మధ్యలో అభ్యంతరాలకు ఇచ్చే గడువు, ఇవే మిగిలాయి. 2021 నుంచి రాష్ట్రంలో ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్కించడం మొదలైంది. 2022లో జిల్లాలు మారినప్పుడు చీరాల ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జిల్లాల ముసాయిదా మీద ముప్పై రోజుల్లో అభ్యంతరాలు చెప్పమన్నారు. 1919తో పోలిస్తే ఇది పెద్ద మెట్టే. అయితే నోటిఫికేషన్ చదివి, కాగితం రాసి, ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోగలిగినవాడికే ఆ మెట్టు అందుతుంది. పగలంతా మగ్గం మీద ఉండేవాడి మాట ఇప్పటికీ అక్కడికి చేరడం లేదు.

మూడు లక్షల లోపు పట్టణాల్లో వార్డు కమిటీలు పెట్టకూడదని రాజ్యాంగం ఎక్కడా అనలేదు. రాష్ట్రం కావాలనుకుంటే పెట్టవచ్చు. అంతవరకూ ఆగనక్కర్లేకుండా మా కౌన్సిలర్లు తమంతట తాము చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి ఏటా బడ్జెట్ కౌన్సిలు ముందుకు వెళ్లేలోపు, మగ్గాలు ఆగే వేళ చూసి, సాయంత్రాలు వార్డు వార్డుకూ ఒక సభ పెట్టాలి. ఈ వార్డు నుంచి ఎంత పన్ను వచ్చింది, ఎంత ఖర్చయింది, వచ్చే ఏడు ఏ వీధికి ఏం చేయబోతున్నారు, ఈ మూడూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాలి. వచ్చినవాళ్లు చెప్పింది పుస్తకంలో రాసుకుని, కౌన్సిలులో చదవాలి. రామనగర్ పాకల్లో మా తాతలు నడిపిన సభకు ఇంతకంటే ఎక్కువ సరంజామా ఏమీ లేదు. వచ్చే బడ్జెట్‌కు ముందు పేరాల వార్డుల్లోనైనా ఇది మొదలుపెట్టమని కోరుతూ అర్జీ రాస్తున్నాను. సంతకం చేసేవాళ్లు కలిసి రండి.