అథ్లెటిక్ ట్రైనింగ్ విద్యార్థులకు ఆర్థిక సహాయం (అమెరికా)

అమెరికా విశ్వవిద్యాలయాల్లో అథ్లెటిక్ ట్రైనింగ్ చదివేవారికి దొరికే స్కాలర్‌షిప్‌లు, గ్రాంట్లు, ఫీజు మినహాయింపులు, విద్యా రుణాల గురించిన వ్యాసం ఇది. అథ్లెటిక్ ట్రైనర్ జిమ్‌లో వ్యాయామం చేయించే మనిషి కాదు, జట్టు కోచ్ కూడా కాదు. ఆటగాడు దెబ్బ తిని కూలిపోతే మైదానంలోకి ముందుగా పరిగెత్తేది, ఎముక విరిగిందా కీలు బెణికిందా అని చూసేది, వడదెబ్బ తగిలినవాణ్ణి మంచునీళ్ల తొట్టిలో ముంచి ఒంటివేడి దించేది, గాయం మానాక మళ్లీ ఆడేందుకు సిద్ధం చేసేది ఈ వృత్తివారే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1990లో దీన్ని వైద్య అనుబంధ వృత్తిగా గుర్తించింది. 2023 జనవరి 2న సిన్సినాటిలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో బఫలో బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి పడిపోయినప్పుడు, మైదానంలోనే ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేసిన డెనీ కెల్లింగ్టన్ ఆ జట్టు సహాయ అథ్లెటిక్ ట్రైనర్. ఆ సాయంత్రం తర్వాత ఈ వృత్తి విలువ కోట్లమందికి తెలిసివచ్చింది. దీన్ని చదివే విద్యార్థి మీద పడే అప్పుల బరువు మాత్రం ఇప్పటికీ చాలామందికి తెలియదు.

ఆటగాళ్ల స్కాలర్‌షిప్ వేరు

కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నియమాల కింద ఇచ్చే అథ్లెటిక్ స్కాలర్‌షిప్ జట్టులో ఆడేవారిది. అథ్లెటిక్ ట్రైనింగ్ విద్యార్థి ప్రతి ప్రాక్టీసుకూ ఆటగాళ్లకంటే ముందే వచ్చి, వాళ్లు వెళ్లాక వెళతాడు. అయినా ఆ సొమ్ములో అతనికి వాటా లేదు. ఈ రెండు దారులూ కలిసేది ఒక్కచోటే. 1964లో మొదలైన ఎన్‌సీఏఏ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కాలర్‌షిప్, ఆడే అర్హత ముగిసే సంవత్సరంలో ఉన్న మంచి విద్యార్థి క్రీడాకారులకు పైచదువు కోసం ఒక్కసారి ఇచ్చే సొమ్ము. దాన్ని 10,000 డాలర్లుగా ఇస్తూ వచ్చారు. కాలేజీలో ఆడి, గాయాలు పడి, ఆ అనుభవంతో ఈ వృత్తిలోకి వచ్చేవారు తక్కువేమీ కాదు. అలాంటివారికి ఇది పనికొస్తుంది.

డిగ్రీ మారింది, సహాయం వెంట రాలేదు

నేషనల్ అథ్లెటిక్ ట్రైనర్స్ అసోసియేషన్ 1950లో కాన్సాస్ సిటీలో ఏర్పడింది. దాని పొట్టిపేరు నాటా. తెలుగువారి ఉత్తర అమెరికా సంఘానికీ అదే పేరు ఉంది గనుక, ఈ వ్యాసంలో నాటా అంటే ట్రైనర్ల సంఘమేనని గుర్తుంచుకోవాలి. 1969లో తొలిసారి నాలుగు విశ్వవిద్యాలయాల కోర్సులకు ఈ సంఘం ఆమోదం ఇచ్చింది. మరుసటి ఏడాది ధ్రువీకరణ పరీక్ష మొదలైంది. చాలాకాలం వరకు కాలేజీ ట్రైనర్ దగ్గర నిర్ణీత గంటలు పనిచేసి ఆ పరీక్ష రాసే దారి కూడా ఉండేది. 2004లో దాన్ని మూసేశారు. అప్పటినుంచి గుర్తింపు పొందిన కోర్సు తప్పనిసరి. ఆ కోర్సుల్లో ఎక్కువ భాగం నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీలు.

2015లో వృత్తి సంస్థలన్నీ కలిసి, ఇకపై ఈ వృత్తిలో అడుగుపెట్టడానికి మాస్టర్స్ డిగ్రీ కావాలని నిర్ణయించాయి. 2022 తర్వాత బ్యాచిలర్ స్థాయి వృత్తి కోర్సుల్లో కొత్తవారిని చేర్చుకోవడం ఆగిపోయింది. ఫిజియోథెరపీ వంటి తోటి వృత్తులతో సమానంగా నిలబడాలన్న కోరిక అందులో ఉంది. ఆ కోరిక న్యాయమైనదే. కానీ దాని ఖర్చు విద్యార్థి మీద పడింది.

ఎలా పడిందో చూడాలంటే ఫెడరల్ సహాయం ఎలా నడుస్తుందో తెలియాలి. ఏ సహాయానికైనా మొదటి మెట్టు ఫాఫ్సా అనే దరఖాస్తు. పేద కుటుంబాల పిల్లలకు తిరిగి కట్టనక్కరలేని పెల్ గ్రాంటు దాని ద్వారానే వస్తుంది. 2024-25లో దాని గరిష్ఠ మొత్తం ఏడాదికి 7,395 డాలర్లు. అయితే పెల్ గ్రాంటు ప్రధానంగా తొలి డిగ్రీ చదివేవారికే. మాస్టర్స్‌లో చేరిన రోజున అది ఆగిపోతుంది. చదువుకునే కాలంలో వడ్డీని ప్రభుత్వమే భరించే రుణాలు కూడా 2012 జూలై నుంచి గ్రాడ్యుయేట్ విద్యార్థులకు లేవు. మిగిలింది సొమ్ము చేతికందిన నాటినుంచే వడ్డీ పెరిగే రుణం, ఏడాదికి 20,500 డాలర్ల వరకు. ఆ పైన కావలసినదానికి 2006 నుంచి గ్రాడ్ ప్లస్ అనే మరో ఫెడరల్ రుణం ఉండేది. 2025 జూలై 4న సంతకమైన చట్టం, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి దాన్ని ఎత్తివేసింది.

ఆ చట్టమే గ్రాడ్యుయేట్ డిగ్రీకీ, వృత్తి డిగ్రీకీ వేర్వేరు పరిమితులు పెట్టింది. మొదటిదానికి ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్లు. రెండోదానికి ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షలు. 2025 నవంబరులో విద్యాశాఖ సంప్రదింపుల సంఘం అంగీకరించిన వృత్తి డిగ్రీల నిర్వచనంలో వైద్యం, దంతవైద్యం, న్యాయం, ఫార్మసీ వంటివి ఉన్నాయి. నర్సింగ్‌కు చోటు దక్కలేదని పెద్ద దుమారమే రేగింది. అథ్లెటిక్ ట్రైనింగ్ కూడా అందులో లేదు. వృత్తి గౌరవం కోసం డిగ్రీ స్థాయిని పెంచుకున్న రంగానికి, రుణాల లెక్కలో ఆ గౌరవం దక్కకపోవడం బాధాకరం.

పోయిన అసిస్టెంట్‌షిప్

మాస్టర్స్‌ను తప్పనిసరి చేసిన మార్పులో జరిగిన అసలు నష్టం రుణాలది కాదనిపిస్తుంది. పాత పద్ధతిలో విద్యార్థి బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేసి, పరీక్ష గెలిచి, లైసెన్సు తెచ్చుకునేవాడు. ఆ తర్వాత ఏదో ఒక విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరేవాడు. వాలీబాల్ జట్టో, కుస్తీ జట్టో అతనికి అప్పగించేవారు. రోజంతా ఆ జట్టు బాగోగులు చూసుకుంటూ, మిగిలిన సమయంలో మాస్టర్స్ చదివేవాడు. బదులుగా ఫీజు మినహాయింపు, నెలనెలా కొంత స్టైపెండ్ అందేవి. పని చాలా ఎక్కువ, స్టైపెండ్ చాలా తక్కువ. చౌకగా పనిచేయించుకుంటున్నారన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయినా ఒక తరం అథ్లెటిక్ ట్రైనర్లు పెద్దగా అప్పు చేయకుండా మాస్టర్స్ పట్టా అందుకున్నది ఆ దారిలోనే.

ఇప్పుడు లైసెన్సు వచ్చేది మాస్టర్స్ పూర్తయ్యాకే. చదువుతున్న విద్యార్థికి జట్టును సొంతంగా చూసుకునే అర్హత లేదు గనుక ఆ ఉద్యోగం అతనికి ఇవ్వలేరు. విశ్వవిద్యాలయాలు ఆ ఖాళీలను రెసిడెన్సీలు, ఏడాది ఇంటర్న్‌షిప్‌లు, పూర్తికాలపు ఉద్యోగాలుగా మార్చుకున్నాయి. అవి చదువు ముగిసినవారికి మేలు. చదువుతున్నవారికి మాత్రం లైబ్రరీలోనో, అనాటమీ ల్యాబులోనో దొరికే మామూలు అసిస్టెంట్‌షిప్‌లు మిగిలాయి. వాటికోసం మిగతా శాఖల విద్యార్థులతో పోటీ పడాలి.

కొన్ని విశ్వవిద్యాలయాలు మూడేళ్ల బ్యాచిలర్ చదువుకు రెండేళ్ల మాస్టర్స్‌ను కలిపి అయిదేళ్లలో ముగించే కోర్సులు నడుపుతున్నాయి. ఒక సంవత్సరం ఫీజు ఆదా కావడం ఒక లాభం. నాలుగో ఏటి విద్యార్థిని బ్యాచిలర్‌గా లెక్కిస్తారా, గ్రాడ్యుయేట్‌గా లెక్కిస్తారా అన్నది అంతకంటే ముఖ్యం. బ్యాచిలర్ అయితే ఆ ఏడాది కూడా పెల్ గ్రాంటు వస్తుంది, కాకపోతే రాదు. చేరే ముందు ఫైనాన్షియల్ ఎయిడ్ కార్యాలయంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

వృత్తి సంఘాలు ఇచ్చేవి

నాటా ఫౌండేషన్ 1991లో ఏర్పడింది. పరిశోధనకు గ్రాంట్లతో పాటు ఏటా పదుల సంఖ్యలో విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. ఒక్కొక్కటి చాలాకాలంగా రెండువేల డాలర్లకు కాస్త అటూ ఇటూ ఉంటోంది. వీటిలో చాలావాటికి మనుషుల పేర్లుంటాయి. గతించిన గురువు పేరిట శిష్యులు, సహోద్యోగి పేరిట మిత్రులు, భర్త పేరిట భార్య కూడబెట్టిన నిధులవి. ఈ వృత్తిలో పెద్ద ఆస్తిపరులు అరుదు. తమ జీతాల్లోంచే తీసి వెనక వచ్చేవారికి దారి వేసిన ఈ నిధులు చిన్నవైనా గొప్పవి. నాటాలో విద్యార్థి సభ్యత్వం, మంచి మార్కులు, ధ్రువీకరణ పొందిన ట్రైనర్ సిఫారసు సాధారణంగా అడుగుతారు. ఆ సిఫారసు రాసేది ఎక్కువగా క్లినికల్ శిక్షణలో విద్యార్థిని దగ్గరుండి చూసిన ప్రిసెప్టరే.

నాటా కింద ప్రాంతీయ శాఖలు, వాటి కింద రాష్ట్ర సంఘాలు ఉన్నాయి. నాటాకంటే ఒక ఏడాది ముందే, 1949లో పుట్టిన ఈస్టర్న్ అథ్లెటిక్ ట్రైనర్స్ అసోసియేషన్, టెక్సాస్, అర్కన్సాల సౌత్‌వెస్ట్ సంఘం, గ్రేట్ లేక్స్ సంఘం వంటివన్నీ తమ పరిధిలోని విద్యార్థులకు విడిగా సాయం చేస్తాయి. అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులను ప్రోత్సహించడానికి నాటాలో ప్రత్యేక సంఘమే ఉంది. దేశమంతటి పోటీకంటే రాష్ట్ర స్థాయిలో దరఖాస్తుదారులు తక్కువ, అవకాశం ఎక్కువ. 1971లో దేశంలో అందరికంటే ముందు అథ్లెటిక్ ట్రైనర్లకు లైసెన్సు చట్టం చేసిన టెక్సాస్‌లో ఈ సంప్రదాయం బలంగా వేళ్లూనుకుంది. అక్కడ హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుకు సహాయకులుగా పనిచేసిన పిల్లలకు, కాలేజీ ట్రైనింగ్ రూములో సహాయకులుగా చేరితే కొంత సొమ్ము ఇచ్చే కాలేజీలు ఉన్నాయి.

గంటల లెక్క

ఫీజు పట్టికలో కనిపించని ఖర్చు క్లినికల్ శిక్షణది. వారానికి ఇరవై గంటలకు పైగా విద్యార్థి హైస్కూళ్లలో, ఆసుపత్రుల్లో, కాలేజీ మైదానాల్లో గడపడం మామూలు. గుర్తింపు సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం కనీసం నాలుగు వారాలు ఏకధాటిగా, పూర్తికాలం ఒకచోట పనిచేస్తూ నేర్చుకోవాలి. ఆ చోటు మరో ఊరైతే రెండు ఇళ్ల అద్దె. రోజూ తిరగడానికి కారు, పెట్రోలు. ఈ గంటలకు జీతం ఉండదు. జీతం తీసుకునే ఉద్యోగి స్థానంలో విద్యార్థిని నిలబెట్టకూడదన్న సూత్రం దీనివెనక ఉంది. సూత్రం మంచిదే. కానీ సాయంత్రాలు ప్రాక్టీసులో, శనివారాలు మ్యాచుల్లో గడిచిపోతే హోటల్లోనో దుకాణంలోనో పనిచేసి నాలుగు డాలర్లు సంపాదించుకునే వేళే ఉండదు. చదువుకుంటూ పనిచేసి సంపాదించుకునే ఫెడరల్ వర్క్‌స్టడీ సాయం వచ్చినా దాన్ని వాడుకోవడానికి ఖాళీ గంటలు వెతుక్కోవాలి. అందుకే ఫీజుకు మాత్రమే పరిమితం కాని, అద్దెకూ ప్రయాణానికీ పనికొచ్చే చిన్న గ్రాంటు వీళ్లకు ఎంతో విలువైనది.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఫీజుకు, తప్పనిసరి పుస్తకాలకు వాడిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. అద్దెకు, తిండికి వాడినదాని మీద ఉంటుంది. రెండోది, బయటి స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు విశ్వవిద్యాలయానికి చెప్పాలి. చెప్పాక కొన్నిచోట్ల తామిచ్చే సాయంలో అంత కోత పెడతారు. అప్పులో కోత పెడితే లాభమే. గ్రాంటులో పెడితే విద్యార్థి కష్టపడి తెచ్చుకున్నది విశ్వవిద్యాలయం ఖాతాకు చేరినట్టే. 2017లో మేరీల్యాండ్ తన ప్రభుత్వ కాలేజీల్లో ఈ కోతను మొదటిసారి చట్టంతో కట్టడి చేసింది.

ఫీజు భారం తగ్గించే వేరే దారులూ ఉన్నాయి. సైన్యంలో పనిచేసి వచ్చినవారికి జీఐ బిల్లు అనే చట్టం మాస్టర్స్ ఫీజునూ భరిస్తుంది. పశ్చిమ రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న గ్రాడ్యుయేట్ ఒప్పందంలో చేరిన కోర్సయితే, పొరుగు రాష్ట్రం విద్యార్థికి కూడా ఫీజు తగ్గుతుంది.

చదువు తర్వాత

2023లో అథ్లెటిక్ ట్రైనర్ల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 58 వేల డాలర్లు. రెండేళ్ల ఫీజు, జీవనవ్యయం అప్పుగా తెచ్చినవారికి ఇది ఇరుకు. ఇక్కడ ఆదుకునేది 2007 చట్టంతో వచ్చిన ప్రజాసేవ రుణమాఫీ. ప్రభుత్వ సంస్థలో లేదా లాభాపేక్ష లేని సంస్థలో పూర్తికాలం పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు రద్దవుతుంది. పబ్లిక్ హైస్కూలు, రాష్ట్ర విశ్వవిద్యాలయం, లాభాపేక్ష లేని ఆసుపత్రి మూడూ దీని కిందికి వస్తాయి. ఈ వృత్తిలో ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది అక్కడే. ప్రైవేటు బ్యాంకు అప్పుకు ఈ మాఫీ వర్తించదు. గ్రాడ్ ప్లస్ పోయాక విద్యార్థులు బ్యాంకుల వైపు మళ్లక తప్పదు గనుక, ముందుముందు ఈ మాఫీ వల్ల కలిగే మేలు కూడా తగ్గుతుంది.

తెలుగు విద్యార్థులు

అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు పైన చెప్పిన ఫెడరల్ దారులన్నీ తెరిచే ఉంటాయి. భారతదేశం నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లేవారికి ఫాఫ్సా లేదు. అందువల్ల ఫెడరల్ రుణం కూడా లేదు. వాళ్లకు ముఖ్యమైన ఆధారం విశ్వవిద్యాలయమే ఇచ్చే మినహాయింపు, క్యాంపస్‌లో సెమిస్టర్ కాలంలో వారానికి 20 గంటలకు మించని పని. ఫిజియోథెరపీ డిగ్రీతో వెళ్లినా, అమెరికాలో అథ్లెటిక్ ట్రైనర్‌గా పనిచేయాలంటే అక్కడి గుర్తింపు పొందిన మాస్టర్స్ చదివి పరీక్ష గెలవడమే మామూలు దారి. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద విదేశీ పైచదువుకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తూ వచ్చింది. వెనుకబడిన తరగతులకు జ్యోతిబా ఫూలే పేరిట అలాంటిదే మరొకటి ఉంది. ఆ పథకాలు ఏయే చదువులకు వర్తిస్తాయో జాబితా ఉంటుంది. అందులో అథ్లెటిక్ ట్రైనింగ్ ఏ విభాగం కింద లెక్కకు వస్తుందో, సీటుకు డబ్బు కట్టకముందే సంక్షేమ శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.